వారు రారు అనుకున్నాము

(శత వార్షికోత్సవ కూటముల రెండవ దినమున ఒక సంఘ సభ్యుడు చేసిన ప్రసంగ పాఠము)



నేను బోధకుడను కాను. ముప్పది నాలుగు సంవత్సరములు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవాడను. పంతులు మాట కాస్త పొడుగ్గా ఉంటుంది. ఆ లోపమును మీరు క్షమించవలెను. “విశ్వాసమునకు దూరముగా ఉన్నవారికి సువార్త” అను అంశము మీద మాట్లాడమని కమిటీవారు కోరినారు. ఆ శీర్షిక చూడగానే నాకు భయము వేసినది. ఎందుకో చివరకు చెప్పెదను.

అపొస్తలుల కార్యముల 9వ అధ్యాయములో దమస్కు పట్టణపు అననీయ అను శిష్యుడున్నాడు. సౌలు దగ్గరకు వెళ్లమని ప్రభువు అతనికి చెప్పినప్పుడు అతడు వెంటనే బయలుదేరలేదు. ఆ మనిషి ఎటువంటివాడో, యెరూషలేములో ఎంత కీడు చేసినాడో, ఏ అధికారము పట్టుకొని వచ్చినాడో అన్నీ ప్రభువునకు వివరించి చెప్పినాడు. ప్రభువునకు తెలియదన్నట్లు! అననీయ చెప్పిన దానిలో ఒక్క అబద్ధమైనా లేదు. సౌలును గూర్చిన సమాచారమంతయు సరియైనదే. అయితే ఆ సమాచారము నిన్నటిది. ఆ దినమున తిన్నని వీధిలోని ఒక ఇంట సౌలు కన్నులు కానరాక, అన్నము నీళ్లు ముట్టక, ప్రార్థన చేయుచున్నాడన్న సంగతిని అననీయ లెక్కలోనికి తీసికొనలేదు. మనలో చాలమంది సంగతి ఇదే. ఫలానావాడు రాడని చెప్పుటకు మన దగ్గర కావలసినన్ని నిదర్శనములున్నవి. అన్నీ నిన్నటివి.

సహోదరులారా, నూరేండ్ల పండుగలో మన పెద్దలను జ్ఞాపకము చేసికొనుచున్నాము. వారిలో ఎక్కువమంది “వీరు రారు” అని లోకము అనుకొన్నవారే. ఒక్కొక్కప్పుడు “వీరు వచ్చుట మంచిది కాదేమో” అని మిషనరీలు కూడ సందేహించినవారే.

మచిలీపట్నమునకు 1841లో రాబర్టు నోబులు దొరగారు, హెన్రీ ఫాక్సు దొరగారు వచ్చినారు. నోబులు గారు 1843లో పాఠశాల తెరచినారు. అగ్రకులముల పిల్లలు చదువుకొని ప్రభువును తెలిసికొన్నచో, నీరు పైనుండి పల్లమునకు పారినట్లు సువార్త కూడ క్రిందికి పారునని ఆయన తలంపు. అందుకొరకు పేటల పిల్లలను ఆ బడిలో చేర్చుకొనుటకు కూడ మొదట సమ్మతింపలేదు. ఆయన ప్రేమను నేను శంకించుట లేదు. 1865లో ఇక్కడనే కన్నుమూయువరకు ఇరువదినాలుగేండ్లలో ఒక్కసారియు స్వదేశమునకు వెళ్లని మనిషి. ఆ బడి నుండి కొందరు ఘనులు బయటకు వచ్చినారు. వారు బాప్తిస్మము పొందినందుకు కుటుంబములను పోగొట్టుకొన్నారు. కాని జనసమూహము ఆ దారిని రాలేదు.

మరి ఏ దారిని వచ్చినది? కృష్ణా జిల్లా రాఘవాపురము గ్రామమున పగోలు వెంకయ్య గారని మాల కులస్థుడు ఒకరుండెడివారు. సత్యదేవుడెవరో తనకు తెలియజేయుమని ఆయన తనంతట తానే ప్రార్థించుచుండెడివారని మన పెద్దలు చెప్పుకొనెడివారు. బోధకుడు ఆయన వాకిట నిలువకముందే వెదుకులాట మొదలైనది. 1859లో డార్లింగు దొరగారి యొద్ద ఆయన బాప్తిస్మము పొందినారు. తరువాత తన బంధువుల మధ్య, చుట్టుప్రక్కల గ్రామములలో తానే సాక్షి అయినారు. నీరు పల్లమునకు పారునని ఎదురుచూచుచుండగా, పల్లములోనే ఊట పుట్టినది.

మన పొరుగువారైన బాప్తిస్టు సంఘముల చరిత్రయు ఇట్టిదే. నెల్లూరులో 1840 నుండి పని జరిగినను ఫలము కొద్దిగా ఉన్నందున, 1853లో ఆ మిషనును మూసివేయవలెనా అని అమెరికాలో చర్చించినారు. పటము మీద ఒంటరి నక్షత్రమువలె నిలిచినందుననే దానికి “లోన్ స్టార్” అను పేరు వచ్చినది. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించినారు. ఆ అయిదుగురికి చుట్టూ కనబడినవి గ్రామములే గాని విశ్వాసులు కారు. ఆ ఊరికి కాపురముండు మిషనరీ రావలెనని అడిగినారు. క్లౌ దొరగారు 1866లో వచ్చి కాపురమున్నారు. నడుమ పన్నెండు సంవత్సరములు! మనము ఒక ఇంటికి రెండుసార్లు వెళ్లి, మూడవసారి మానుకొనుచున్నాము.

ఒంగోలులో క్లౌ దొరగారికి మొదట స్నేహితులైనవారు అగ్రకులస్థులు. తమ పిల్లలకు బడి పెట్టుమని అడిగినారు. ఇంతలో తలకొండపాడు గ్రామము నుండి యెర్రగుంట్ల పేరయ్య గారు వచ్చినారు. మాదిగ కులస్థుడు, తోలు పని చేయు కుటుంబము. 1866లో ఆయనయు, ఆయన భార్యయు బాప్తిస్మము పొందినారు. 1867 జనవరిలో క్లౌ దొరగారు ఆ గ్రామమునకు వెళ్లగా, పేరయ్య గారి సాక్ష్యము విని ముందే సిద్ధపడినవారు ఎదురైనారు. 28 మంది బాప్తిస్మము పొందినారు. వెంటనే ఒంగోలు పెద్దమనుష్యులు అభ్యంతరము చెప్పినారు. వారిని చేర్చుకొన్నచో మేము మీ దగ్గరకు రాము, మా పిల్లలను పంపము అన్నారు. ఆ రాత్రి దొరగారు ఒక గదిలో, దొరసానిగారు మరియొక గదిలో బైబిలు తెరవగా, ఇద్దరికి కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 1వ అధ్యాయమే వచ్చినదని చెప్పుకొందురు. లోకము ఎన్నికలేనివారిగా చూచువారిని దేవుడు ఏర్పరచుకొన్నాడన్న భాగమది. వారు ఆ రాత్రి నిర్ణయము చేసికొన్నారు. ఒంగోలు బడి సంగతి ఎట్లున్నను, వచ్చినవారిని వెనుకకు పంపలేదు.

ఇక్కడ మరియొక సంగతి చెప్పవలెను. 1876 నుండి 1878 వరకు మహాక్షామము వచ్చినది. క్లౌ దొరగారు పూర్వము సర్వేయరు పనిచేసినవారు. బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసికొని వేలమంది కూలీలకు అన్నము పెట్టినారు. ఆ కాలములో బాప్తిస్మము కావలెనని గుంపులుగుంపులుగా అడిగినారు. ఆయన ఇవ్వలేదు. ఆకలి మీద ఆశ పెట్టి మనస్సును కొనరాదని పదిహేను నెలలు ఆపినారు. గింజలు పంచుట ముగిసిన తరువాతనే మరల మొదలుపెట్టినారు. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినారు. ఆ సంఖ్యను మనము గొప్పగా చెప్పుకొందుము. దానికి ముందున్న పదిహేను నెలల నిరాకరణను మరచిపోవుదుము. నా దృష్టిలో ఆ నిరాకరణయే గొప్పది. అన్నము అన్నముగా పెట్టినారు. సువార్త సువార్తగా చెప్పినారు. రెంటిని ఒక త్రాసులో వేయలేదు.

అగ్రకులముల నుండి ఎవరును రాలేదా అంటే అదియు నిజము కాదు. మన కీర్తనల పుస్తకము తెరచి చూడండి. పురుషోత్తమ చౌదరి గారి పేరు ఎన్ని కీర్తనల క్రింద ఉన్నదో! 1803లో బ్రాహ్మణ కుటుంబమున పుట్టి, 1833లో బాప్తిస్మము పొంది, తెలుగులో పాటలు కట్టిన మహనీయుడాయన. ఆ పాటలను పేటలలోని ఎన్నో వేల కంఠములు పాడినవి. వీడు తక్కువవాడు గనుక తెలియదు అనుకొంటిమి; తెలిసినది. వాడు ఎక్కువవాడు గనుక వంగడు అనుకొంటిమి, వంగినాడు. మన అంచనా రెండు వైపుల తప్పినది.

బిషప్పు అజరయ్య గారి సంగతి మీకందరికి తెలిసినదే. తిరునల్వేలి నుండి వచ్చి, తెలుగు నేర్చుకొని, దోర్నకల్‌లో సేవ చేసినారు. ఒక భారతీయుడు బిషప్పు కాదగునా అని అభ్యంతరపడినవారు తెల్లవారిలోనే కాక మనవారిలోను ఉండిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన అభిషేకము పొందినారు. ఆయన బాప్తిస్మము పొందినవారి చేతిని వారి తల మీదనే పెట్టించి, సువార్త చెప్పకపోయిన తనకు శ్రమ అని వారి నోటనే పలికించెడివారు. చదువు రాని కూలివాడు కూడ ఆ మాట పలికినాడు. అతడు రాడు అనుకొన్నవాడు, ఇక తానే వెళ్లవలసినవాడు అయినాడు.

ప్రియులారా, ఇంతవరకు మన తాతల సంగతి చెప్పితిని. ఇప్పుడు మన సంగతి. రారు అనుకొన్నవారి మనుమలము మనము. ఈనాడు మనమే గడప మీద నిలుచుండి ఎవరు వచ్చెదరో ఎవరు రారో తీర్మానించుచున్నాము. సారా అంగడివాడు రాడు. మోతుబరి రాడు. నాస్తికుడు రాడు. ప్రక్క పల్లెవారు వచ్చినను వేరే గుడి కట్టుకొనవలెను. నేను పరులను నిందించుట లేదు. నా ఇంటి సంగతి చెప్పెదను. ఇందుకే ఈ శీర్షిక చూచి భయపడినాను.

మా తండ్రిగారు ఉపదేశకులు. మా అన్నయ్య నాకంటె పది సంవత్సరములు పెద్ద. సండే స్కూలు పరీక్షలో ఎప్పుడును ఆయనే మొదటివాడు. కంఠము కూడ మంచిది. మా సంఘము ఒక కులమునుండి వచ్చిన సంఘము. 1962లో ప్రక్క పల్లెలో, రెండవ కులమువారిలో, పదమూడు కుటుంబములు బాప్తిస్మము పొందినవి. ఆ సంవత్సరము కోతపండుగకు వారు వచ్చినారు. ఆరాధన అయినది. ప్రభువు బల్లలో అందరు పాలుపొందినారు. తరువాత భోజనమునకు రెండు బంతులు వేసినారు. మావారికి పందిట్లో. వారికి వేపచెట్టు క్రింద.

అన్నయ్య లేచి ఎందుకని అడిగినాడు. పెద్దలు “ఇప్పుడిప్పుడే ఎందుకు బాబూ, మెల్లమెల్లగా” అన్నారు. నాన్నగారు తల వంచుకొన్నారు. ఆ రాత్రి అన్నయ్య నాన్నగారితో అన్న మాట నేను గుంజ ప్రక్కన నిలుచుండి విన్నాను.

“నాన్నా, బల్ల ఒక్కటే అని చెప్పి బంతులు రెండు వేశారు. నాకు బల్ల మీద కూడా నమ్మకం పోయింది.”

ఆ తరువాత ఆయన గుడికి రాలేదు. ఊరు వదలి పట్నమునకు వెళ్లి వ్యవసాయ కూలీల సంఘములో పనిచేసినాడు. దేవుడు లేడని సభలలో చెప్పెడివాడు. నేను ట్రైనింగు ముగించి ఉద్యోగములో చేరిన తరువాత ఆయనకు ఉత్తరములు వ్రాయసాగితిని. దేవుడున్నాడని నిరూపించుచు ఒకసారి పదకొండు పేజీల ఉత్తరము వ్రాసి, దానిని చూచుకొని మురిసిపోయితిని. జవాబుగా ఒక కార్డు వచ్చినది. దానిమీద ఒకటే వాక్యము: “తమ్ముడూ, బంతి సంగతి రాయలేదేం?”

నాకు కోపము వచ్చినది. “అన్నయ్య ఇక రాడు” అని నా భార్యతో అన్నాను. ఉత్తరములు మానివేసితిని. పండుగకు కబురు పంపుట కూడ మానివేసితిని. కుటుంబ ప్రార్థనలో ఆయన పేరు చాలకాలము చెప్పి, తరువాత అలవాటు తప్పినది. ఇది జరిగినట్లు కూడ నాకు తెలియలేదు.

ఆయన ఇంటికి వెళ్లిన మనిషి ఒకరున్నారు. మా పాస్టరేటులో బైబిలు స్త్రీ. అయిదవ తరగతి వరకు చదువుకొన్నది. అందరు బైబిలమ్మ గారు అని పిలిచెడివారు. ఆమె ఆ వేపచెట్టు క్రింది బంతిలో కూర్చొన్న పిల్ల. నెలకు ఒక శనివారము బస్సులో పట్నము వెళ్లి, మునగాకో దోసకాయలో పట్టుకొని మా వదిన దగ్గరకు వెళ్లెడిది. ఒక సంవత్సరము కాదు, రెండు కాదు, పదకొండు సంవత్సరములు. అన్నయ్య పేపరు అడ్డము పెట్టుకొని కూర్చొనెడివాడట. ఒకనాడు పేపరు దించి ఎగతాళిగా అడిగినాడట.

“బైబిలమ్మా, మీ దేవుడు ఈ మధ్య ఏం చేస్తున్నాడు?”

“ఏమో బాబూ. నెలనెలా నన్ను నీ గుమ్మం దాకా నడిపిస్తున్నాడు. అంతవరకు నాకు తెలుసు.”

ఆమె ఆయనతో వాదింపలేదు. తమ పల్లెవారి ఇండ్ల స్థలములకు అర్జీ వ్రాసిపెట్టుమని అడిగినది. ఆయన వ్రాసి ఇచ్చినాడు. ఆఫీసుల చుట్టూ తానే తిరిగినాడు. భోజనము వేళయైతే ఆమెను తన ప్రక్కనే కూర్చుండబెట్టుకొని తిన్నాడు. ఆమె తరువాత నాతో అన్నది: “బాబూ, మన గుళ్లో నాకు దొరకని బంతి ఆయన ఇంట్లో దొరికింది. నేను చెప్పడానికని వెళ్లాను. వినడం కూడా అయింది.” ఆ మాట నా గుండెలో ముల్లువలె నేటికిని ఉన్నది.

1991లో అన్నయ్య మంచము పట్టినాడు. బైబిలమ్మ గారు వారమునకు ఒకసారి వెళ్లసాగినది. ఒక సాయంకాలము ఆయనే లూకా సువార్త 15వ అధ్యాయము చదువుమని అడిగినాడట. చిన్నకుమారుని కథ చదివినంతసేపు కండ్లు మూసుకొని ఉన్నాడు. పెద్దకుమారుడు కోపగించుకొని ఇంటి బయట నిలిచిన చోటికి వచ్చేసరికి కండ్లు తెరచినాడు.

“ఆ పెద్దకొడుకు చివరికి లోపలికి వచ్చాడా అమ్మా?”

“పుస్తకంలో రాయలేదు బాబూ. తండ్రి మాత్రం వాడికోసం బయటికి వచ్చాడని రాసి ఉంది.”

ఆయన మరేమియు అనలేదు. ఆమె చేయి పట్టుకొని కాసేపు ఉన్నాడు. నాలుగు దినములకు కన్నుమూసినాడు. నాకు కబురు అంది నేను వెళ్లుసరికి అంతయు అయిపోయినది.

ఆయన విశ్వసించినాడా అని నన్ను చాలమంది అడిగినారు. నాకు తెలియదు. ఆ లెక్క నా పద్దులో లేదు. నాకు తెలిసిన లెక్క ఒకటే. ఆ మంచము ప్రక్కన ఎవరు ఉన్నారో, ఎవరు లేరో నాకు తెలుసును. బైబిలమ్మ ఉన్నది. సొంత తమ్ముడు లేడు.

మరుసటి సంవత్సరము నేను సంఘ కార్యదర్శిగా ఉన్నాను. 1992 కోతపండుగకు బంతి ఒక్కటే వేయవలెనని కమిటీలో పెట్టితిని. వాదములు జరిగినవి. చివరకు ఒక్కటే వేసినాము. ఆ దినమున మావారిలో రెండు కుటుంబములు భోజనమునకు కూర్చొనలేదు. ఒక కుటుంబము మరుసటి యేడు కూర్చొన్నది. రెండవది కూర్చొనలేదు. అన్నయ్య కార్డుకు నేను వ్రాయవలసిన జవాబు ఇది. ముప్పది సంవత్సరములు ఆలస్యమైనది.

ప్రియ సహోదరులారా, ముగించెదను. ఈ అనుభవమునుండి నేర్చుకొన్నది నాలుగు ముక్కలలో మీ ముందు పెట్టుచున్నాను.

మొదటిది, ఎవరు రారో మనము తీర్మానించరాదు. ఆ కుర్చీ మనది కాదు. “వాడు రాడు” అన్న మాట అవిశ్వాసిని గూర్చిన మాట వలె కనబడును గాని, అది మన అవిశ్వాసమును చెప్పు మాట.

రెండవది, దూరముగా ఉన్నవాని మాట ముందు వినవలెను. అతనికి దేవునితో తగవున్నదో, మనతో తగవున్నదో తెలిసికొనవలెను. మా అన్నయ్య అడిగిన ప్రశ్న పరలోకమును గూర్చినది కాదు; విస్తరిని గూర్చినది. నేను పదకొండు పేజీలలో వేరే ప్రశ్నకు జవాబు వ్రాసితిని.

మూడవది, ఆశ చూపరాదు, భయపెట్టరాదు. పొరుగువానికి జ్వరము వచ్చినప్పుడు వెళ్లవలెను. వచ్చేవారము గుడికి రమ్మను షరతు మీద కాదు. అతడు ఎన్నటికిని రాకపోయినను అతడు మన పొరుగువాడే. క్షామకాలమున పదిహేను నెలలు ఆగిన వారి ఓర్పు మనకు మాదిరి.

నాలుగవది, వెళ్లుట మానరాదు. అననీయ అభ్యంతరము చెప్పినాడు గాని, చివరకు వెళ్లినాడు. వెళ్లి, తమను చెరపట్టుటకు వచ్చినవాని మీద చేతులుంచి మొట్టమొదట పిలిచిన పిలుపు సహోదరుడని. కండ్లు కనబడకముందే సౌలు ఆ పిలుపు విన్నాడు. ఆ తరువాత అననీయను గూర్చి మనము వినునది కొంచెమే. పౌలు పత్రికలు వ్రాసినాడు. అననీయ ఒక వీధి దాటినాడు. ఆ వీధి దాటుటయే మన పని.

రేపు మీరందరు ఇండ్లకు వెళ్లెదరు. ఈ సంచికను ఒక ప్రక్కన పెట్టకముందు దీని చివరి పేజీలో ఒక పేరు వ్రాసికొనుడు. మీరు “రాడు” అని విడిచిపెట్టినవాని పేరు, లేక ఆమె పేరు. తమ్ముడు కావచ్చును, కుమార్తె కావచ్చును, ప్రక్కింటి ఆయన కావచ్చును. ఈ నెలలో ఒక శనివారము వారి గుమ్మము ఎక్కుడు. ప్రసంగము తీసికొని పోవద్దు. మునగాకు తీసికొని పొండు. వారు ఏమైన అడిగినచో నిజము చెప్పుడు. భోజనము పెట్టినచో కూర్చొని తినుడు.

కోపగించి బయట నిలిచినవారి కొరకు తానే బయటకు వచ్చు తండ్రి, నూరేండ్లు మన మండలమును నడిపించినవాడు, ఇకముందును మనలను నడిపించును గాక. ఆమేన్.